వాయించని చేతులకు

డేవిడ్ ట్యూడర్ చేతులారా, మీకు దండం.

1952 ఆగస్టు 29 రాత్రి, న్యూయార్క్ రాష్ట్రంలోని వుడ్‌స్టాక్‌లో, వెనకవైపు అడవికే తెరుచుకునే మావరిక్ హాల్లో మీరు పియానో మూత వేశారు. జాన్ కేజ్ '4 నిమిషాల 33 సెకన్లు' అలా మొదలైంది. మూత వేస్తే ఒక భాగం మొదలు, తీస్తే ముగింపు. అలా మూడు భాగాలు. స్వరం ఒక్కటీ లేదు. అయినా ఎదుట కాగితాలున్నాయి, స్టాప్‌వాచీ ఉంది. ఖాళీ గీతల మీద కాలం సాగుతుంటే వేళ తప్పకుండా పేజీ తిప్పారు. పియర్ బూలే రెండో సొనాటాను, ఆ కొరకరాని కొయ్యను, 1950లో అమెరికాకు మొదట వినిపించింది మీరే కదా! వాయించడం రానివాళ్లు ఊరుకోవడం వేరు, మీరు ఊరుకోవడం వేరు.

మొదటి భాగంలో బయటి గాలి. రెండో భాగంలో కప్పు మీద చినుకులు. మూడో భాగంలో జనమే: గుసగుసలు, లేచి వెళ్లిపోయే అడుగులు. కేజ్ తర్వాత ఇలాగే తలుచుకున్నాడు. మీ మీద విసుక్కుని వెళ్లిన అడుగులకూ మీరు చోటిచ్చారు.

నిశ్శబ్దమా, నువ్వు ఎక్కడా లేవని ఆయనకు ముందే తెలుసు. హార్వర్డ్‌లో ప్రతిధ్వని పుట్టని గదిలో కూర్చుంటే రెండు చప్పుళ్లు వినిపించాయి, ఒకటి సన్నగా, ఒకటి మందంగా. మందమైనది తన నెత్తురు పారే చప్పుడేనని అక్కడి ఇంజినీరు చెప్పాడట. అంతకు ముందే, అహ్మదాబాద్ నుంచి వెళ్లిన గీతా సారాభాయి, మనసును కుదుటపరిచి దైవానికి తావిచ్చేదే సంగీతమని ఆయనకు చెప్పి ఉంది.

మీ వరసలోనే ఇంకొన్ని చేతులకూ మొక్కుతాను. మోర్టన్ ఫెల్డ్‌మన్ 1983లో రాసిన రెండో స్ట్రింగ్ క్వార్టెట్‌ను పూర్తిగా వాయిస్తే ఆరు గంటలు పట్టొచ్చు, మధ్యలో విరామం లేదు. కమాను తీగకు ఆనీ ఆననట్టు ఉండాలి. భుజం లాగుతుంది, వేళ్లు మొద్దుబారతాయి, అయినా నలుగురూ ఒకరి ఊపిరి ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. అంత మెల్లగా వాయించడానికి ఎంత బలం కావాలి!

జర్మనీలో హాల్బర్‌ష్టాట్ చర్చి ఆర్గన్ మీద కేజ్ రచన ఒకటి 2001 సెప్టెంబరు 5న మౌనంతో మొదలైంది. 2640 దాకా సాగాలి. మీటల్ని ఇసుక సంచులు అదిమి పడతాయి. గొప్పదే, కాదనను. కానీ ఇసుక సంచికి చెయ్యి నొప్పెట్టదు, ఎదురుచూడటం తెలియదు. నా దండం మీకే.

ఆ రాత్రి కచేరీలో ఆఖరి అంశం ఇంకా మిగిలే ఉంది. హెన్రీ కావెల్ 'బాన్షీ' కోసం మీరు పియానో కడుపులోకి దూరి, తీగల్ని గోళ్లతో గీరి, ఊళ పెట్టించారు.