రాగాన్ని మింగే పెట్టెలు

ఆత్మకూరు, ఉదయగిరి పల్లెల్లో తిరునాళ్లకు సత్యహరిశ్చంద్ర నాటకం కుదిరిందంటే జనం మొదట అడిగేది హరిశ్చంద్రుడు ఎవరని. తెలిసినవాళ్లు ఆ వెంటనే అడిగేది మైకు సెట్టు ఎవరిదని. ఆ రెండోవాడికి దండా లేదు, శాలువా లేదు. పద్యనాటకం ఇంకా బతికి ఉందంటే సగం పుణ్యం అతనిదే అంటాను నేను.

కచేరీ పాటగాడు మైకును నోటి దగ్గరే పట్టుకుంటాడు. నాటకంలో మైకు స్టేజీ అంచున నిలబడో, పైనుంచి వేలాడో ఉంటుంది. పాత్రధారి రెండడుగులు వెనక్కి వేస్తే గొంతు పల్చబడుతుంది. వాల్యూమ్ పెంచితే సెట్టు కూస్తుంది. ఇంకో రెండు మైకులు తగిలిద్దామా అంటే, తెరిచి ఉంచిన మైకులు రెట్టింపైన ప్రతిసారీ కూతకు ముందు మనకు దొరికే వాల్యూమ్ 3 డెసిబెల్స్ తగ్గిపోతుంది. అందుకే గొప్ప ఆపరేటరుకు నాటకం కంఠతా వచ్చి ఉంటుంది. పద్యం ఎవరిదో వాళ్ల మైకే లేపి, తక్కినవి దించేస్తాడు. హార్మోనియం శ్రుతి అందుకునేలోపే చెయ్యి మీట మీదుంటుంది. ఆహా, ఆ చేతికి ఎన్ని వన్స్‌మోర్లు కొట్టినా తక్కువే!

కూతను పట్టే విద్య చూడాలంటే సాయంత్రమే వెళ్లాలి. వాల్యూమ్ మెల్లగా పెంచుకుంటూ పోతాడు. ఎక్కడో సన్నగా ఈల మొదలవుతుంది. వినీ వినగానే "రెండున్నర వేలు" అంటాడు, హెర్ట్‌జ్ అన్నమాట. 31 మీటల ఈక్వలైజర్లో సరిగ్గా ఆ మీటే దించుతాడు. మళ్లీ పెంచుతాడు, ఇంకో ఈల, ఇంకో మీట. పాత ఈక్వలైజర్లో ఒక్కో మీటా స్థాయిలో మూడో వంతు మేర కోసేస్తుంది కాబట్టి కూతతో పాటు గొంతులో కండా పోయేది. డిజిటల్ ప్రాసెసర్ చేసిన మేలు అదే. అంతకంటే ఎంతో సన్నగా, కూసే చోటు వరకే గాటు పెడుతుంది.

దూరపు బాక్సుల సంగతి ఇంకో వింత. వేడి రాత్రి గాలిలో శబ్దం సెకనుకు దాదాపు 350 మీటర్లు పోతుంది, వైరులో సిగ్నల్ క్షణంలో చేరుతుంది. ఏఎస్ పేట ఉరుసు లాంటి జనంలో స్టేజీకి 70 మీటర్ల అవతల బాక్సు పెడితే, అక్కడివాళ్లకు ముందు బాక్సు మాట, 200 మిల్లీసెకన్ల తర్వాత స్టేజీ మాట, ఒకదాని మీద ఇంకొకటి. ప్రాసెసర్లో ఆ బాక్సును 200 మీద ఇంకో పదో పదిహేనో ఆపితే గొంతు స్టేజీ మీది నుంచే వచ్చినట్టుంటుంది. లెక్క ఫోను కూడా చెప్తుంది. స్టేజీ మీద ఒకరిచేత చప్పట్లు కొట్టించి, చివరి వరసలో నిలబడి చెవితో సరిచేసేవాడే పనివాడు.

ఈ డిజిటల్ పెట్టెల చరిత్ర రెండు ముక్కల్లో చెప్పుకోవచ్చు. 1976లో జర్మనీవాళ్ల ఈఎంటీ 250 డిజిటల్ రివర్బ్ స్టూడియోలకు వచ్చింది. మన ఊళ్లలో మాత్రం చాన్నాళ్లు అహూజా హారన్లదే రాజ్యం. 2012లో బెరింగర్ ఎక్స్32 వచ్చాక అద్దె సెట్టువాళ్లకూ డిజిటల్ మిక్సర్ అందింది. చెన్నైలో సౌండ్ ఇంజినీరు హెచ్. శ్రీధర్ మహానది, దిల్ సే లాంటి చిత్రాలకు జాతీయ అవార్డులు తెచ్చుకున్నాడు. ఆయన చెవిని మెచ్చుకున్నవాళ్లు మన తిరునాళ్ల చెవిని ఎందుకు పట్టించుకోరో నాకు అర్థం కాదు.

ఇప్పుడు ఆ చెవి అక్కర్లేదంటున్నారు. కూత దానంతటదే ఆగే ఆటోమేటిక్ పెట్టె తగిలించి, ఆపరేటరు ఫోను చూసుకుంటున్నాడు. ఆ పెట్టెకు తెలిసిందొక్కటే, కదలకుండా సాగే స్వరం కూత అని. పద్యం చివర నటుడు పైస్థాయిలో రాగం నిలబెట్టాడా, అదీ కూతే అనుకుని కోసేస్తుంది. చప్పట్లు పడాల్సిన చోట గొంతు సన్నబడిపోతుంది, తప్పు ముసలి నటుడి ఊపిరి మీదికి పోతుంది. దీనికి తోడు ఎకో! సమాసం విడివిడిగా వినబడాల్సిన పద్యానికి బావిలో అరిచినంత ఎకో పెడతారు. ఇక గుండెలదరగొట్టే డీజే బాక్సులు నాటకానికి తెచ్చేవాళ్లను ఏమనాలి?

కమిటీ పెద్దలారా, బయానా ఇచ్చేటప్పుడు ఎన్ని వాట్లని కాకుండా ఎవరు కూర్చుంటారని అడగండి. ఎక్స్32 లాంటి మిక్సర్ వస్తే దానికి పెన్‌డ్రైవ్ గుచ్చితే చాలు, నాటకం స్టీరియోలో రికార్డవుతుంది. లాప్‌టాప్ తగిలిస్తే 32 మైకులు వేర్వేరుగా దొరుకుతాయి. డెబ్బై దాటిన హరిశ్చంద్రులు, నక్షత్రకులు ఈ వైపు ఇంకా పాడుతున్నారు. వచ్చే తిరునాళ్లకే ఆ పెన్‌డ్రైవ్ కొనండి.