ఆ గదిలోకి ఎవరిని రానిస్తారు?

చైనా అధికారం గురించి మనవాళ్లు రాసేదంతా ఒక్క మనిషి చుట్టూ తిరుగుతుంది. ఆయన గొప్ప నాయకుడా, నియంతా అన్నదాంతో చర్చ అయిపోతుంది. మేము అడిగేది వేరు. పెత్తనం నడిచే గదిలోకి ఎవరిని రానిస్తారు, ఎవరిని గడప దగ్గరే ఆపుతారు?

నిబంధనావళి ప్రకారం మహాసభ కేంద్ర కమిటీని ఎన్నుకుంటుంది, కేంద్ర కమిటీ పొలిట్‌బ్యూరోనూ స్టాండింగ్ కమిటీనీ ఎన్నుకుంటుంది. జరిగేది తలకిందులు. పేర్లు పైనుంచి దిగుతాయి, కింద ఆమోదిస్తారు. 2022 అక్టోబరు 20వ మహాసభ తర్వాత 205 మంది కేంద్ర కమిటీలోంచి 24 మంది పొలిట్‌బ్యూరో, అందులోంచి ఏడుగురు స్టాండింగ్ కమిటీ తేలారు. ఆ 24 మందిలో ఒక్క స్త్రీ లేదు. స్టాండింగ్ కమిటీలోనైతే ఇంతవరకూ ఏ స్త్రీకీ చోటు దక్కలేదు. ఆకాశంలో సగం స్త్రీలదేనన్న పార్టీ ఇది!

పదవి వేరు, పట్టు వేరు. 1987లో డెంగ్ స్టాండింగ్ కమిటీ నుంచి తప్పుకున్నాడు గానీ సైనిక కమిషన్‌ను వదల్లేదు. సైన్యం అక్కడ పార్టీది. ప్రధాన కార్యదర్శి ఝావో జియాంగ్ 1989లో పదవి పోగొట్టుకుని, 2005లో చనిపోయేదాకా గృహనిర్బంధంలోనే ఉన్నాడు.

టిబెట్ సంగతి చూడండి. 1984 స్వయంపాలనా చట్టం ప్రకారం ప్రభుత్వాధ్యక్షుడు ఆ జాతివాడే కావాలి. పార్టీ కార్యదర్శికి అలాంటి షరతు లేదు. ఆ కుర్చీలో ఇంతవరకూ టిబెటన్ కూర్చోలేదు. రిజర్వుడు సర్పంచి వెనక దొర చేతిలో ముద్ర ఉండడం ఎరిగినవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక పుట్టుక. వర్గం అనేది మనిషి చేసే పనిని బట్టి ఉండాలి కదా, అక్కడ తండ్రినుంచి బిడ్డకు దిగే ముద్ర అయింది. యూ లువోకె అనే కుర్రాడు చదువులో చురుకైనవాడైనా, ఇంటి ముద్ర వల్ల విశ్వవిద్యాలయంలో సీటు రాలేదు. పుట్టుకను బట్టి మనిషిని తూచడాన్ని ఖండిస్తూ ఆయన రాసిన వ్యాసం 1967 జనవరిలో అచ్చయింది. 1970 మార్చి 5న ఆయన్ని చంపేశారు. అప్పటికి 27 ఏళ్లు. శ్రామికవర్గం పేరుతో నడిచిన రాజ్యం పుట్టుకను ప్రశ్నించినందుకే ప్రాణం తీసింది. కులం మన ఒక్కళ్ల రోగమే అనుకునే మేధావులు ఇక్కడ కాసేపు ఆగాలి.

పై నాయకులంతా పెద్దింటి బిడ్డలే అని మేము అనం. హూ జింటావో అలా రాలేదు. జీ జిన్‌పింగ్ మాత్రం ఉపప్రధాని కొడుకు. 1962లో తండ్రి పదవి పోయాక కొడుకూ ఆ ముద్ర మోశాడు. 1978లో తండ్రి తిరిగి పదవిలోకొచ్చాడు. 1979లో కొడుకు సైనిక కమిషన్‌లో గెంగ్ బియావో దగ్గర కార్యదర్శిగా చేరాడు. గెంగ్ తండ్రికి పాత సహచరుడు. యూ లువోకె నిర్దోషి అని కోర్టు తేల్చింది కూడా ఆ ఏడాదే.