ఇరువర్గాల ఘర్షణ

పేపర్లో ‘ఇరువర్గాల మధ్య ఘర్షణ’ అన్న మాట కనపడితే నేనక్కడే ఆగిపోతా. ఘర్షణంటే రెండువైపులా కర్రలుండాలి గదా. 1985 జులై 17న కారంచేడు మాదిగపల్లె మీదపడి ఆరుగుర్ని చంపారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని వెంటాడి నరికి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పారేశారు. ఆ రెండో వర్గం చేతిలో ఏముంది? పరిగెత్తడానికి కాళ్ళున్నాయి, అంతే.

ఇట్లాంటి వార్తల్లో చచ్చినోళ్ళకి కులం ఉంటది, చంపినోళ్ళకి ఉండదు. వాళ్ళు ‘ప్రత్యర్థులు’, ‘దుండగులు’, ‘గ్రామస్తులు’. ఈ చివరి మాట మరీ ఘోరం. ‘దళితులకూ గ్రామస్తులకూ వివాదం’ అని రాస్తే, మేం గ్రామస్తులం కామని ఒక్క ముక్కలో తేల్చేసినట్టే. ఊరికీ వాడకీ మధ్యనున్న డొంకని తెచ్చి అక్షరాల్లో పెడతారు.

చుండూరు అనగానే చాలామందికి సినిమాహాల్లో కాలు తగిలిన సంగతే గుర్తు. కాలు తగిలితే ఎనిమిది మందిని చంపుతారా? ఆ కాలు చదువుకున్న దళిత కుర్రాడిది. తర్వాత నెలరోజులపాటు పనుల్లోకి పిలవకుండా వెలేశారు. కాలు సంగతి కథలా చెప్పుకోవచ్చు, వెలి సంగతి చెబితే పొలం ఎవరిదో, కూలెంతో చెప్పాల్సొస్తది.

మా అయ్యకి చదువు రాదు. టీకొట్టు దగ్గర ఎవరన్నా పేపరు చదువుతుంటే బయట నిలబడి విని, ఇంటికొచ్చి మాకు చెప్పేవాడు. చుండూరు జరిగిన వారంలో ఒకరోజు, ‘‘మనోళ్ళూ ఏదో చేసుంటార్రా, ఊరికే అంతమందిని చంపుతారా’’ అన్నాడు. మా అమ్మ ఒప్పుకోలా. తెనాలివైపు నాట్లకెళ్ళొచ్చిన ముఠా ఆడోళ్ళ నోట ఆమె వేరే విన్నది. ‘‘నువ్వు విన్నది ఎవడి నోరయ్యా?’’ అని అడిగింది. పత్రికల మీద నేను చదివిన ఏ వ్యాసంలోనూ ఇంతకు మించిన ప్రశ్న లేదు.

ఆ నోరు ఎవరిదో చూద్దాం. మండలాల్లో కంట్రిబ్యూటర్‌కి జీతం ఉండదు. అచ్చయిన వార్తని కొలిచి ఇచ్చే చిల్లరే. పండగలకి యాడ్లు తేవాలి. యాడ్ ఇచ్చేది రైసుమిల్లు ఆసామి, ఎరువుల షాపాయన. హత్య జరిగితే అతను ముందు ఎవరి అరుగు మీద కూర్చుంటాడో వేరే చెప్పాలా? ఇక ఢిల్లీ సంగతంటారా, 1996లో బి.ఎన్. ఉనియాల్ అనే పత్రికా రచయిత దళిత విలేకరి కోసం వెతికి వెతికి, ఒక్కడూ దొరకలేదని ‘పయనీర్’లో రాశాడు. దొరికినా ఒక్కడితో ఏమవుద్ది? హెడ్డింగు పెట్టేది డెస్కు. అందుకే అంబేద్కర్ 1920లోనే ‘మూక్‌నాయక్’ పెట్టాడు. మన దగ్గర బొజ్జా తారకం ‘నలుపు’ నడిపాడు.

2007లో ప్రత్యేక కోర్టు చుండూరు కేసులో 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. సాక్ష్యం నిలవలేదనడం వేరు, నేరమే జరగలేదనడం వేరు. ‘నిర్దోషులు’ అని పెద్దక్షరాల్లో చూసిన హాస్టల్ కుర్రాళ్ళు నన్నడిగారు, ‘‘మరి వాళ్ళని ఎవరు చంపారన్నా?’’ అని. ఏ పేపరూ మర్నాడు ఆ ప్రశ్నని హెడ్డింగు చేయగా నేను చూడలేదు.

చుండూరు వాళ్ళు తమ శవాల్ని ఊరవతలికి మోసుకుపోలేదు. ఊరి నడిమధ్యే పాతారు. ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు.