ఏటా ఖాళీ అయ్యే జట్టు

2009 వేసవిలో సెర్బియాలోని బెల్‌గ్రేడ్ నగరంలో ఉన్న పార్టిజాన్ బాస్కెట్‌బాల్ క్లబ్బు నుంచి ముగ్గురు ఆటగాళ్లు వెళ్లిపోయారు. మిలెంకో తెపిచ్ ఏథెన్స్‌కు, నోవిత్సా వెలిచ్కోవిచ్ మాడ్రిడ్‌కు, ఉరోష్ త్రిప్కోవిచ్ బార్సిలోనా పక్కనున్న బదలోనాకు. అంతకుముందు ఏడాది జట్టు భారం చాలావరకు మోసింది వీళ్లే. మరో ఊళ్లో అయితే అభిమానులు క్లబ్బు గేటు ముందు బైఠాయించేవారేమో. బెల్‌గ్రేడ్‌లో అలాంటి ఆనవాయితీ లేదు. కుర్రాళ్లను పెంచడం, ఎదిగాక డబ్బున్న క్లబ్బులకు సాగనంపడం అక్కడ ఏటా జరిగే తంతే. వింత ఏమిటంటే, అలా ఖాళీ అయిన జట్టే ఆ తర్వాతి పది నెలల్లో ఏడ్రియాటిక్ లీగ్ గెలిచింది. యూరప్ క్లబ్బులన్నిటికీ పెద్ద పోటీ అయిన యూరోలీగ్‌లో చివరి నలుగురిలో ఒకటిగా పారిస్ దాకా వెళ్లింది.

ఇది ఒక్క జట్టు అదృష్టం అని కొట్టిపారేయడానికి వీల్లేదు. దీని వెనక ఒక బడి ఉంది. ఆ బడికి పరీక్ష హాలు లాంటిది ఏడ్రియాటిక్ లీగ్.

ఏడ్రియాటిక్ లీగ్ 2001లో పుట్టింది. స్లొవేనియా, క్రొయేషియా, బోస్నియా, సెర్బియా, మాంటెనెగ్రో, మాసిడోనియా... ఒకప్పుడు యుగోస్లావియా అనే ఒకే దేశంగా ఉండి, 1990ల యుద్ధాల్లో ముక్కలైన దేశాల క్లబ్బులు మళ్లీ ఒకే పట్టికలో కలిసి ఆడటం దీని ఉద్దేశం. మొదటి ఏడాది సెర్బియా క్లబ్బులు లేవు. గాయం అంత పచ్చిగా ఉంది మరి. 1991లో రోమ్‌లో యూరప్ చాంపియన్‌షిప్ జరుగుతుండగానే స్లొవేనియాలో యుద్ధం మొదలైతే, యూరె జ్దోవ్త్స్ అనే ఆటగాడు సెమీఫైనల్‌కు ముందే తన ప్రభుత్వం మాట మీద జట్టును వదిలి వెళ్లాల్సి వచ్చింది. 1995లో ఏథెన్స్‌లో యుగోస్లావియాకు బంగారు పతకాలు ఇచ్చే వేళకు, కంచు గెలిచిన క్రొయేషియా ఆటగాళ్లు వేదిక దిగి వెళ్లిపోయారు. అలాంటి వాళ్ల తమ్ముళ్లు ఆరేళ్లకే మళ్లీ ఒకే లీగ్‌లో ఆడటానికి ఒప్పుకున్నారంటే స్నేహం పొంగిపొర్లి కాదు. ఎవరి దేశంలో వాళ్లు ఆడుకుంటే పోటీ చప్పగా ఉంది. టీవీ వాళ్లు, ప్రకటనదారులు ముఖం చూడటం లేదు. అవసరమే వాళ్లను కలిపింది. నా మటుకు నాకు ఈ కారణమే ఎక్కువ నమ్మదగినదిగా తోస్తుంది.

ఇక బడి సంగతి. 1950లో అర్జెంటీనాలో జరిగిన మొట్టమొదటి ప్రపంచ బాస్కెట్‌బాల్ పోటీల్లో పది జట్లు ఆడితే యుగోస్లావియాది పదో స్థానం. సరిగ్గా ఇరవై ఏళ్లకు, 1970లో, ల్యుబ్లియానాలో అదే దేశం ప్రపంచ విజేత. మధ్యలో జరిగిన పనికి ముఖ్యంగా నలుగురి పేర్లు చెబుతారు: అలెగ్జాందర్ నికోలిచ్, బోరిస్లావ్ స్టాంకోవిచ్, రదోమిర్ షాపర్, నెబోయ్షా పొపోవిచ్. యుద్ధానంతరం బెల్‌గ్రేడ్‌లో కలిసి ఆడినవాళ్లు. స్టాంకోవిచ్ తర్వాత అంతర్జాతీయ సమాఖ్యకు ప్రధాన కార్యదర్శి అయి, ఒలింపిక్స్ తలుపులు ప్రొఫెషనల్ ఆటగాళ్లకు తెరిపించాడు. నికోలిచ్‌ను అందరూ ప్రొఫెసర్ అనే పిలిచేవారు. 1960లలో అమెరికా వెళ్లి అక్కడి శిక్షణ చూసొచ్చాడు. చూసినదాన్ని చూసినట్టు దింపలేదు. అమెరికా కుర్రాళ్లకున్న ఎగిరే శక్తి తమవాళ్లకు లేదని ఆయనకు తెలుసు. అందుకే కాళ్ల నేర్పు, చేతి వాటం, చూపు, ఈ మూడింటి మీదే పాఠమంతా కట్టాడు.

కాళ్ల దగ్గర మొదలుపెడదాం, అక్కడే మొదలుపెట్టిస్తారు కాబట్టి. పరుగు మీద బంతి అందుకున్న కుర్రాడు రెండు పాదాల మీదా ఒకేసారి ఆగాలి. అలా ఆగితే ఏ పాదాన్నైనా ఇరుసుగా ఉంచుకుని రెండో కాలుతో ఎటైనా తిరగవచ్చు. ఒక పాదం తర్వాత ఒకటి పడితే మొదట పడిన పాదమే ఇరుసు. దాన్ని ఎత్తి మోపితే బంతి అవతలి జట్టుకు పోతుంది. ఈ చిన్న తేడా మీదే ఆట నడుస్తుంది. ప్రత్యర్థి ఎటు వాలితే దానికి వ్యతిరేక దిక్కు ఖాళీ. ఆ ఖాళీలోకి తిరగాలంటే రెండు దిక్కులూ చేతిలో ఉండాలి కదా. సంగీతం నేర్చుకునే పిల్ల సరళీ స్వరాలు మూడు కాలాల్లో పలికితే గానీ గీతం ముట్టుకోనట్టు, ఇక్కడి పిల్లలు ఆగడం, తిరగడం, ఛాతీ ఎత్తులో పాస్, నేలకు తట్టి పాస్, ఎడమచేత్తో రింగులోకి వేయడం నెలల తరబడి చేస్తారు. విసుగు పుట్టే పనే. షిబెనిక్ ఊళ్లో ద్రాజెన్ పెత్రోవిచ్ తెల్లారకముందే హాలుకు వెళ్లి బడివేళకు ఐదొందల షాట్లు వేసేవాడని చెప్పుకుంటారు. లెక్క ఎంత కచ్చితమో గానీ, అక్కడి కోచ్‌లు ప్రతి కుర్రాడికీ ఆ కథే చెబుతారు.

నాకు ఈ బడిలో అన్నిటికన్నా గొప్పగా అనిపించేది పొడుగువాళ్ల విషయం. ఏ దేశంలోనైనా పద్నాలుగేళ్లకే ఆరున్నర అడుగులు దాటిన పిల్లాడు దొరికితే రింగు కింద నిలబెట్టి, చేతులు పైకెత్తి ఉంచరా అంటారు. బంతి నేలకు కొడితే కసురుతారు. యుగోస్లావ్ కోచ్‌లు చాలామంది ఈ పద్ధతికి ఎదురెళ్లారు. పొట్టివాడికి నేర్పిందంతా పొడుగువాడికీ నేర్పారు. దీనికి మూలపురుషుడు జాదర్ నగరానికి చెందిన క్రెషిమిర్ చోసిచ్. దాదాపు ఏడడుగుల మనిషి. సెంటర్‌గా, అంటే రింగు దగ్గరి స్థానంలో ఆడుతూ గార్డులా బంతి నడిపేవాడు, కళ్లు ఒకవైపు పెట్టి ఇంకోవైపు పాస్ ఇచ్చేవాడు. 1980ల నడుమ జాతీయ జట్టు కోచ్ అయ్యాక, పెద్దవాళ్లను పక్కనపెట్టి దివాచ్, కుకోచ్, రాద్జా వంటి కుర్రాళ్లను తెచ్చినదీ ఆయనే. వాళ్లలో టోని కుకోచ్ 1987లో ఇటలీలోని బోర్మియోలో, జూనియర్ల ప్రపంచ పోటీల్లో అమెరికా మీద 12 మూడు పాయింట్ల షాట్లు వేసి 11 రింగులో పడేశాడు. ఎత్తు 2 మీటర్ల పైమాటే.

పొడుగువాడికి పాస్ నేర్పితే ఏం ఒరుగుతుందో ఒక ఎత్తుగడలో చూడవచ్చు. పిక్ అండ్ రోల్ అంటారు, రోజుకు వందసార్లు ఆడేదే. బంతి గార్డు చేతిలో ఉంటుంది. పొడుగు ఆటగాడు వచ్చి, గార్డును కాసే ప్రత్యర్థి దారిలో అడ్డంగా నిలబడతాడు. నిలబడ్డాక కదిలితే ఫౌల్. గార్డు అతని భుజం రాసుకుంటూ దూసుకెళ్తాడు. ఇద్దరు ప్రత్యర్థులు గార్డు మీదికే ఎగబడితే, పొడుగువాడు గిర్రున తిరిగి రింగు వైపు పోతాడు, పాస్ అందుకుంటాడు. ఇంతవరకు ప్రపంచమంతా ఆడుతుంది. అసలు పరీక్ష ఆ తర్వాతి అడుగులో. అతనికి అడ్డుపడటానికి మూలనుంచి మూడో ప్రత్యర్థి వస్తాడు. అంటే ఆ మూలన ఒకడు ఒంటరిగా మిగిలాడు. చూడటం రాని పొడుగువాడు మీదపడి ఫౌల్ చేస్తాడు, లేదా బంతి పోగొడతాడు. చూడటం వచ్చినవాడు గాల్లో ఉండగానే బంతిని మూలకు పంపేస్తాడు. ఇద్దరితో మొదలైన ఆట ముగ్గురిదవుతుంది, అవతల కాసేవాళ్లకు మనిషి తక్కువ పడతాడు.

ఈ చదువంతా 2009–10 పార్టిజాన్ జట్టులో ఎలా పనిచేసిందో చూడాలి. కోచ్ దుష్కో వుయోషెవిచ్. గడ్డం, గంభీరం, గంటలకొద్దీ సాధన చేయించడంలో పేరు మోసినవాడు. వెళ్లిపోయినవాళ్ల స్థానంలో ఆయనకు దొరికినవాళ్లు పెద్ద పేర్లు కారు: న్యూ ఆర్లియన్స్ నుంచి వచ్చిన ఆరడుగుల గార్డు బో మెకేలెబ్, అమెరికన్ లారెన్స్ రాబర్ట్స్, సెర్బియా మూలాలున్న ఆస్ట్రేలియా సెంటర్ అలెక్స్ మారిచ్, పంతొమ్మిదేళ్ల చెక్ కుర్రాడు యాన్ వెసెలీ. మెకేలెబ్ వేగానికి తోడు పొడుగువాళ్లు అడ్డంగా నిలబడే స్క్రీన్లు కుదిరాయి. మారిచ్ ఆ ఏడు యూరోలీగ్ ఉత్తమ ఐదుగురిలో ఒకడయ్యాడు. వయసు చూడకుండా కుర్రాడికి నిమిషాలివ్వడం ఈ బడి రెండో సూత్రం. వెసెలీ తప్పులు చేసినా బెంచీ మీద మగ్గిపోలేదు. రెండేళ్లలో అమెరికా ఎన్‌బీఏ లీగ్ క్లబ్బులు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్టులో ఆరో స్థానంలో ఎంపికయ్యాడు.

అప్పట్లో సీజన్ నడిచే తీరే ఒక శిక్ష. 14 జట్లు, ఇంటా బయటా కలిపి ఒక్కొక్కరికి 26 మ్యాచ్‌లు. వారం మధ్యలో యూరోలీగ్, వారాంతంలో ఏడ్రియాటిక్, వసంతంలో మళ్లీ స్వదేశీ లీగ్. గురువారం ఇస్రాయెల్ దిగ్గజంతో ఆడినవాళ్లే, రెండు రోజులకు చిన్న ఊళ్లోని చలి హాల్లో, తమను ఓడిస్తే చాలు ఏడాది గడిచినట్టేననుకునే జట్టు ముందు నిలబడాల్సి వచ్చేది. ఎన్‌బీఏ చూసేవాళ్లకు ఇది పేదల లీగ్‌లా కనిపిస్తుంది. నిజమే. కానీ ఇక్కడ ప్రతి ఓటమికీ విలువుండేది. పై నాలుగు జట్లే చివరి పోటీకి వెళ్లేవి, అక్కడ ఒక్కొక్క మ్యాచ్‌తోనే తేలిపోయేది.

ఆ చివరి పోటీ 2010 ఏప్రిల్‌లో జాగ్రెబ్‌లో జరిగింది. ఫైనల్ పార్టిజాన్‌కు, ఆ ఊరిదే అయిన త్సిబోనాకు. బెల్‌గ్రేడ్ జట్టు, జాగ్రెబ్ హాలు. అక్కడ వాతావరణం ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. అంతకుముందు ఏడు కూడా ఫైనల్లో త్సిబోనా పార్టిజాన్ చేతిలోనే ఓడింది. ఆట ముగియడానికి 0.6 సెకన్లుందనగా త్సిబోనా యువకుడు బోయాన్ బొగ్దానోవిచ్ మూడు పాయింట్ల షాట్ వేశాడు. స్కోరు 74–72. హాలు లేచింది. త్సిబోనా వాళ్లు కోర్టులోకి పరుగెత్తి సంబరాలు మొదలుపెట్టారు.

నిబంధన ప్రకారం గడియారంలో 0.3 సెకన్లు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే బంతి పట్టుకుని షాట్ వేయవచ్చు. అంతకు తగ్గితే తట్టడమే. 0.6 ఉంది కాబట్టి పట్టుకోవచ్చు, కానీ నేలకు కొట్టడానికి, అడుగు సర్దుకోవడానికి వ్యవధి లేదు. దుషాన్ కెత్స్‌మాన్, ముప్పై దాటినవాడు, మధ్యగీత దగ్గర పాస్ అందుకుని, అందుకున్న ఊపులోనే బంతిని రింగు వైపు విసిరాడు. సైరన్ మోగాక బంతి వలలో పడింది. 75–74. అప్పట్లో మూడు పాయింట్ల గీత రింగుకు 6.25 మీటర్ల దూరాన ఉండేది. ఇతను వేసింది దానికి రెట్టింపు దూరం నుంచి.

అది గుడ్డి అదృష్టం అన్నారు చాలామంది. సగం కోర్టు నుంచి వేసిన షాట్ పడటం అదృష్టమే, అందులో వాదన లేదు. అయితే ఆ వీడియో చూసేటప్పుడు బంతిని వదిలేసి ఆ జట్టు మనుషులను చూడాలి. ప్రత్యర్థులు సంబరాల్లో ఉంటే పార్టిజాన్ వాళ్లు తలలు దించలేదు. తమ పని ఇంకా ఉందన్నట్టు బంతి తీసుకుని లోపలికి వేశారు. ఏళ్ల సాధన వాళ్లకిచ్చింది ఆ అలవాటు. షాట్ సంగతి వేరు.

కొద్ది రోజులకే పారిస్‌లో యూరోలీగ్ సెమీఫైనల్లో ఒలింపియాకోస్‌తో అదనపు సమయం దాకా పోరాడి 83–80తో ఓడారు. వేసవి రాగానే మెకేలెబ్ ఇటలీకి, మారిచ్ ఏథెన్స్‌కు, రాబర్ట్స్ ఇస్తాంబుల్‌కు. మళ్లీ ఖాళీ. 2011లో మళ్లీ కప్పు, వరుసగా ఐదోది.

ఈ బడిని నెత్తిన పెట్టుకునేవాళ్లు దాని చీకటి కోణాలు దాటేస్తారు. కుర్రాళ్ల మీద కోచ్‌ల కేకలు, తిట్లు శిక్షణలో భాగమేనన్న నమ్మకం అక్కడ చాలాకాలం చలామణీ అయింది. దానికి తట్టుకోలేక ఆట మానేసినవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు. డబ్బు కొరత మరో జబ్బు. త్సిబోనా అప్పుల్లో కూరుకుపోయి కూడా 2014లో, అదీ బెల్‌గ్రేడ్ హాల్లో, కప్పు ఎత్తింది. వినడానికి బాగుంటుంది గానీ, జీతం సకాలంలో రాని ఆటగాడికి అది సినిమా కథలా అనిపించదు.

అయినా ఆ లీగ్ ఇప్పటికీ ఏం తయారు చేయగలదో ఒక్కడిని చూస్తే చాలు. సోంబోర్ ఊరివాడు నికోలా యోకిచ్. బెల్‌గ్రేడ్‌లోని మెగా అనే క్లబ్బులో అతని కోచ్ దెయాన్ మిలోయెవిచ్. ఆయన తన ఆటకాలంలో మూడుసార్లు ఈ ఏడ్రియాటిక్ లీగ్ ఉత్తమ ఆటగాడు. ఎత్తు తక్కువైనా రింగు కింద కాళ్ల నేర్పుతో నెట్టుకొచ్చినవాడు. శిష్యుడు లావుగా, నెమ్మదిగా ఉండేవాడు. 2014 డ్రాఫ్టులో 41వ స్థానంలో గానీ ఎవరూ తీసుకోలేదు. మరో ఏడాది ఇక్కడే ఉండి 2014–15 సీజన్‌కు లీగ్ ఉత్తమ ఆటగాడై అమెరికా వెళ్లాడు. అక్కడ మూడుసార్లు ఎన్‌బీఏ ఉత్తమ ఆటగాడు, 2023లో డెన్వర్‌తో విజేత. అతను ఎగరడు, పరుగెత్తడు. రెండు పాదాల మీద ఆగుతాడు, చూస్తాడు, మూలకు పాస్ పంపుతాడు. మిలోయెవిచ్ అసిస్టెంట్ కోచ్‌గా అమెరికాలో ఉంటూ 2024 జనవరిలో హఠాత్తుగా కన్నుమూశాడు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి యోకిచ్ ఆట చూసే మన పిల్లలకు ఆయన పేరు కూడా తెలిస్తే బాగుండును.

2024–25 సీజన్ నుంచి ఈ లీగ్‌లోకి దుబాయ్ జట్టు వచ్చి చేరింది. యుగోస్లావియాతో ఏ సంబంధమూ లేని ఊరు. దగ్గర డబ్బుంది, తయారైన ఆటగాళ్లను కొనగలదు. పాత క్లబ్బుల ఖర్చులకు ఈ డబ్బు ఊపిరి పోయవచ్చు. కానీ పద్నాలుగేళ్ల పిల్లాడికి ఎడమచేయి నేర్పే ఓపిక కొనుక్కోగలిగే సరుకని నేననుకోను. దుబాయ్ తన సొంత కుర్రాడిని ఈ లీగ్‌లో పదిహేను నిమిషాలు ఆడించిన రోజున నా మాట వెనక్కి తీసుకుంటాను. ఈలోగా అక్కడున్న మనవాళ్లెవరైనా టికెట్ కొని వెళ్తే, గార్డుల వేగం చూసి మురిసిపోవడంతో ఆగిపోకండి. బంతి పొడుగువాడి చేతికి వెళ్లినప్పుడల్లా మూలన ఒంటరిగా నిలబడ్డవాడి మీద ఒక కన్నేసి ఉంచండి. పాస్ చాలాసార్లు అటే వస్తుంది.