మైనం కరిగితే నిలిచే ఇత్తడి

బస్తర్‌లోని కొండగావ్‌లో ఘడ్వా పనివాళ్లు పోతపోసే ఢోక్రా ఇత్తడి వస్తువు ఇంటికొస్తే తరాలు నిలుస్తుంది. ఆ మన్నిక లోహానిదే కాదు, పనితనానిది కూడా.

ముందు మట్టితో లోపలి ఆకారం చేసి ఆరబెడతారు. తేనెమైనాన్ని సన్నటి తీగలుగా సాగదీసి, ఆ మట్టి ఆకారంమీద పక్కపక్కనే ఓపిగ్గా చుడతారు. కళ్లూ, నగలూ, ఏనుగుమీది అంబారీ అన్నీ ఆ మైనం తీగలతోనే తీరుస్తారు. పైన మెత్తని మట్టి పూత, దానిమీద గట్టి మట్టి. కాలిస్తే మైనం కరిగిపోతుంది; ఆ ఖాళీని కరిగిన ఇత్తడి నింపుతుంది. చల్లారాక అచ్చు పగలగొట్టాల్సిందే. అందుకే ఏ రెండు బొమ్మలూ అచ్చంగా ఒకేలా ఉండవు.

మొహెంజొదారోలో 1926లో బయటపడిన నర్తకి కంచుబొమ్మదీ ఈ మైనపు అచ్చు పద్ధతే. మన ఆదిలాబాద్ ప్రాంతంలో ఓజా పనివాళ్లు నేటికీ ఇలాగే పోతపోస్తున్నారు.

ఈ పనిలో పాత ఇత్తడి వృథా కాదు. చిల్లుపడ్డ చెంబు కూడా కరిగి దీపపు కుందె అవుతుంది. ఏడాదికోసారి మార్చే చవక అలంకరణలకన్నా, తగిన వెల ఇచ్చి కొన్న ఒక్క కుందె ఇంటికి మేలు. ఆ వెల అందితేనే పనివాళ్ల పిల్లలు ఈ విద్య పట్టుకుంటారు.