ఉక్కు, కంప్యూటర్: తెగిన లంకె

వి. రాజారామన్ 2012లో ఇంగ్లీషులో వెలువరించిన భారత కంప్యూటింగ్ చరిత్ర 1955 నుంచి 2010 వరకు సాగుతుంది. 1960లలో ఐ.ఐ.టి. కాన్పూర్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పిన తొలితరం ఆచార్యుడాయన; కాబట్టి చాలావరకు కళ్ళారా చూసిన చరిత్ర. అధికారంలో ఉన్న పార్టీ రాజకీయం, దాని పరిధిలో అధికారులూ నిపుణులూ రూపొందించిన విధానాలు - ఈ రెంటి కథగా ఆయన దాన్ని చెబుతారు. 1970, 1978, 1991, 1998 అందులో మలుపులు.

ప్రభుత్వ ఉత్తర్వులను అర్థం చేసుకోవడానికి ఈ చట్రం బాగానే పనికొస్తుంది. కాని యంత్రాన్ని ఎందుకు తెచ్చుకున్నారన్న ప్రశ్న మాత్రం వెనకబడిపోతుంది. భిలాయి సెక్టర్ 2 లాంటి చోట, ఉక్కు కోసమే కట్టిన ఊళ్ళో కూర్చుని చదివేవారికి ఈ లోటు వెంటనే కనబడుతుంది. భిలాయి కర్మాగారానికి సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది 1955 ఫిబ్రవరిలో. అదే ఏడు కలకత్తాలోని భారత గణాంక సంస్థకు బ్రిటన్ నుంచి హెచ్.ఇ.సి.-2ఎం వచ్చింది. దేశంలో తొలి డిజిటల్ కంప్యూటర్ అదే. ఏడాది కలవడం కాకతాళీయం కావచ్చు, ఆలోచన కలవడం కాదు. ఆ సంస్థను నడిపిన మహలనోబిస్సే భారీ పరిశ్రమలకు పెద్దపీట వేసిన రెండో పంచవర్ష ప్రణాళికకు రూపకర్త. ప్రణాళికకు లెక్కలు కావాలి. జాతీయ శాంపుల్ సర్వే కుప్పపోసే అంకెలను తేల్చాలి. 1950ల చివర అదే సంస్థకు సోవియట్ ఉరల్ కూడా చేరింది. భిలాయి తొలి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభమైంది 1959 ఫిబ్రవరి 4న. ఈ రెండు కథలనూ వేర్వేరు అరల్లో పెట్టి చదవడం మనకు అలవాటైపోయింది.

ఎందుకోసమని అడిగితే ఆసియా దేశాల పోలిక కూడా మారుతుంది. జపాన్‌లో ఒకాజాకి బుంజి 1956లో పూర్తిచేసిన ఫుజిక్, ఫోటో ఫిల్ము కంపెనీలో కటకాల లెక్కల కోసం పుట్టింది. చైనా సోవియట్ ఎం-3 నక్షాలు తెచ్చుకుని 1958లో తన 103 యంత్రాన్ని నిర్మించింది. మన గణాంక సంస్థకు వచ్చింది నక్షాలు కాదు, తయారైన యంత్రం. బొంబాయిలో టాటా పరిశోధన సంస్థ 1960లో టిఫ్రాక్‌ను సొంతంగా నిర్మించిందన్నది నిజమే. అది శాస్త్రవేత్తల లెక్కలకు.

మన హైదరాబాదు సంగతీ అంతే. ఎ.ఎస్. రావు సారథ్యంలో 1967లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్.ను ప్రభుత్వ రంగ కంప్యూటర్ కంపెనీగా తూచి, మార్కెట్‌లో నిలిచిందా లేదా అని తీర్పు చెప్పడం సులువు. దాని తొలి యంత్రం టి.డి.సి.-12కు 1969లో రూపకల్పన జరిగింది అణుకేంద్రంలో. టి.డి.సి. అనే పేరులో మొదటి అక్షరం ట్రాంబేది.