వర్జినీ ఎందుకు మునిగిపోయింది?

పదహారేళ్ల వయసులో ఒక నవల చదివి దిండు తడిసేలా ఏడ్చాను. ఈమధ్య మళ్లీ తీశాను. ఈసారి ఏడుపు రాలేదు సరిగదా, ఒళ్లు మండింది.

అది 1788లో వచ్చిన ఫ్రెంచి నవల ‘పాల్ – వర్జినీ’. కథ జరిగేది మారిషస్ ద్వీపంలో. రచయిత బెర్నార్డిన్ ద సేన్ పియేర్ ఆ దీవిలో ఇంజనీరుగా రెండేళ్లు ఉన్నవాడు. అంచేత వర్ణనలు ఉత్త ఊహలు కావు. పోర్ట్ లూయీ రేవు, వెనక కొండలు, పాంప్లెమూస్ చర్చి దగ్గర వెదురు చెట్ల బాట – అన్నీ కళ్లకు కట్టిస్తాడు. (పాంప్లెమూస్ అంటే మన పంపరపనస లాంటి పండేనండోయ్!) వర్జినీ కనబడితే చాలు, పిట్టలు కోళ్లలా కాళ్ల దగ్గరికి పరుగెత్తుకొస్తాయి. ఇంతవరకూ ఎంత బావుందో చెప్పలేను.

తర్వాత వర్జినీ ఫ్రాన్సులో ఉన్న డబ్బుగల బంధువు దగ్గరికి వెళ్తుంది. తిరిగొస్తూంటే, ఒడ్డు కనబడుతూండగానే ఓడ బద్దలవుతుంది. బట్టలు తీసేసి ఈదితే కాపాడతానని ఓడలో మిగిలిన చివరి నావికుడు మోకాళ్లమీద పడి బతిమాలుతాడు. సిగ్గుతో ఆమె ఒప్పుకోదు. మునిగిపోతుంది. రచయిత ఆమెను దేవకన్యను చేస్తాడు.

నా పేచీ ఇక్కడే. ‘సేన్ జెరాన్’ అనే ఓడ నిజంగానే ఆ తీరంలో 1744 ఆగస్టులో మునిగింది. అక్కడ ఆగస్టు చలికాలం. తుఫాన్లు నవంబరు మొదలు ఏప్రిల్ దాకా. కథకు తుఫాను కావాలి గనక రచయిత ప్రమాదాన్ని డిసెంబరుకు జరిపాడు. సరే, నవలాకారుడికి ఆ హక్కుంది. తుఫాను కోసం నెల మార్చినవాడికి, పిల్ల ప్రాణం కోసం నాలుగు వాక్యాలు మార్చడానికి చేతులు రాలేదా?

“ఆ కాలం అలాంటిది” అంటారేమో. బానిసల్ని హింసించడం కూడా ఆ కాలానికి మామూలే. దాన్ని 1773లో తన యాత్రాగ్రంథంలో దుయ్యబట్టింది ఈయనే. లోకం తప్పు చేస్తే కనబడే కళ్లున్న మనిషే!

అదే దీవిలో డోడో పక్షి పదిహేడో శతాబ్దం ముగిసేసరికి అంతరించింది. పోయాక బొమ్మలు, కథలు, పొగడ్తలు! ఒక చిన్న డేగ మాత్రం 1974లో అడవిలో నాలుగే మిగిలితే, గుడ్లు తెచ్చి పొదిగించి, చేత్తో మేతపెట్టి బతికించుకున్నారు. ఇవాళ వందల్లో ఉన్నాయి. చెయ్యి అందించడమంటే అదీ.

క్యూర్‌పిప్ పట్నంలో ఈ జంటకో విగ్రహం ఉంది. చెక్కినవాడు ఆ దీవిలో పుట్టిన ప్రోస్పర్ డెపినే. అందులో పాల్ వర్జినీని ఎత్తుకుని నీళ్లు దాటిస్తున్నాడు. అదీ నవలలోని దృశ్యమే.

మా అమ్మాయికి పుస్తకం ఇస్తూ, ఆ పేజీలో గుర్తు పెట్టి ఇచ్చాను.